ఉన్ని దేశపు వ్యాజ్యం – తెలుగు నేత బట్ట

ఇంగ్లండు పార్లమెంటు ఎగువసభలో అధ్యక్షుని ఆసనం ఒక ఉన్ని మూట. ఎర్రని బట్ట తొడిగి, లోపల ఉన్ని కూరిన ఆ ఆసనం పదునాలుగవ శతాబ్దిలో మూడవ ఎడ్వర్డు కాలం నుంచి వస్తున్నదని ప్రతీతి. రాజ్యసంపదకు మూలమేదో సభవారు మరువకుండా ఉండేందుకు దానిని అక్కడ ఉంచినారంటారు. మన దేశంలో ధాన్యరాశికి, గోసంపదకు ఎంత గౌరవమో ఆ దేశంలో గొర్రె బొచ్చుకు అంత గౌరవం. గొర్రెలను మేపే భూస్వామి, ఉన్ని ఏకే పేదరాలు, వడికే పల్లెపడుచు, నేసే సాలె, రంగువేసే అద్దకగాడు, ఓడలకెత్తి పరదేశాలకు పంపే వర్తకుడు, ఎగుమతి సుంకం పుచ్చుకొనే రాజు, అందరి కూడూ ఆ ఒక్క సరకు మీదనే ఆధారపడి ఉండేది.

కనుకనే పదునేడవ శతాబ్ది ఆరంభం నుంచి పద్దెనిమిదవ శతాబ్ది తొలి పాదం దాకా ఇంగ్లీషులో వాణిజ్యాన్ని గురించి వెలువడిన రచనలకు ఉన్ని ఒక పల్లవి అయినది. చిన్న పుస్తకాలు, కరపత్రాలు, పార్లమెంటుకు విన్నపాలు, ప్రశ్నోత్తర రూపమైన వాదాలు వందలకొద్దీ అచ్చయినవి. వ్రాసినవారిలో ఓడవర్తకులున్నారు, రాజోద్యోగులున్నారు, ఒక నాటకకర్త కుమారుడున్నాడు, లోకప్రసిద్ధుడైన ఒక నవలాకారుడున్నాడు. వీటిని అర్థశాస్త్రానికి తొలి పాఠాలుగా చదవడం పండితుల వాడుక. తెలుగువారు చదువవలసిన కారణం మరొకటి ఉన్నది. ఆ వ్యాజ్యంలో ప్రతివాది స్థానంలో నిలిచినది హిందూదేశపు నూలుబట్ట. అందులో ముఖ్యమైన ఒక భాగం కృష్ణా గోదావరుల సాగరసంగమాల నడుమ తెలుగువాడు నేసి, అద్ది, ఉతికి, మడతపెట్టిన బట్ట. వ్యాజ్యం నూరేండ్లు సాగినది. తీర్పు రెండు చట్టాల రూపంలో వచ్చినది. ప్రతివాదిని మాత్రం ఎవరూ పిలిచి అడిగినవారు లేరు.

ఈ కథ తెలుగుగడ్డ మీద 1611లో మొదలవుతున్నది. ఆ సంవత్సరం ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబు అనే ఓడ పులికాటుకు వచ్చి, అక్కడ అప్పటికే నిలదొక్కుకొన్న డచ్చివారి అడ్డువల్ల ముందుకు సాగి, పెదపల్లి అనబడే నేటి నిజాంపట్నంలోను, మచిలీబందరులోను వర్తకానికి దిగినది. హిప్పన్ ఆ ఓడకు నాయకుడు. వర్తక వ్యవహారం చూచినవారిలో ముఖ్యుడు పీటర్ ఫ్లోరిస్ అనే డచ్చివాడు. గోలకొండలో అప్పుడు మహమ్మదు కులీ కుతుబుషా పాలన. వచ్చినవారి లక్ష్యం ఇంగ్లండుకు బట్టలు కొనడం కాదు. మిరియాలు, జాజికాయ, లవంగం పండే తూర్పు దీవులలో ఇంగ్లీషు ఉన్నికి గాని వెండికి గాని అంతగా గిరాకి లేదు. అక్కడివారు కోరేది కోరమండల తీరపు బట్టలు. ముందు బందరులో బట్ట కొని, దానితో దీవులలో సుగంధద్రవ్యం కొని, దానిని ఇంటికి చేర్చడమే వారి పథకం. తెలుగు సాలెవాని తాను ఆ నాటి ఆసియా సముద్రవర్తకంలో నాణెంవలె చెల్లినది.

ఓడలలో వచ్చిన ఇంగ్లీషు ఉన్నిబట్ట సంగతి వేరు. తెలుగుదేశానికి ఉన్ని కొత్తది కాదు. కురుమలు, గొల్లలు తమ గొర్రెల బొచ్చుతో నేసుకొనే గొంగడి వానకు, చలికి, పడకకు, తలపై కొప్పెరకు అన్నింటికీ పనికివచ్చేది. ఏలూరులో పారసీక సంప్రదాయపు ఉన్ని తివాచీలు నేసేవారు. కాని ఎండకాచే ఈ తీరంలో దళసరి సీమ ఉన్నిబట్టను ఒంటికి చుట్టుకొనేవారెవరు? నవాబుల గుడారాలకు, గుర్రపు జీనులకు, ఏనుగుల మీది జూలులకు, సర్దారుల అంగరఖాలకు ఎర్రని సకలాతు కొంత కొంత అమ్ముడుపోయేది. కానుకలుగా మరికొంత పోయేది. మిగిలినది గోదాములో చెదలకు, చెమ్మకు లోబడి ఉండేది. సకలాతు, బనాతు అనే రెండు మాటలు మన నిఘంటువులలో నిలిచి ఉన్నవి. రెండూ పారసీ హిందుస్తానీల మీదుగా వచ్చిన మాటలే, సీమ ఉన్నిబట్ట ఎవరి ఇండ్లకు చేరినదో చెప్పే సాక్ష్యాలే.

బందరు ఇంగ్లీషువారి రచనలలో మొదట చెప్పుకోదగినది విలియం మెత్‌వోల్డు వ్రాసిన గోలకొండ రాజ్య వృత్తాంతం. ఇతడు 1618 మొదలు 1622 వరకు బందరు కొఠీకి పెద్దగా ఉన్నాడు. అతని రచనను సామ్యుయేల్ పర్చస్ తన యాత్రా సంపుటిలో చేర్చి 1626లో ప్రకటించినాడు. వర్తకుని కంటితో చూచినదైనా ఆ రచనలో తెలుగు జనజీవనం ఆశ్చర్యకరమైనంత దగ్గరగా కనబడుతున్నది. కోమట్లు తామో, తమ మనుషులో పల్లెలు తిరిగి నేతగాండ్ర వద్ద తానులు సేకరించడం, వాటిని రేవుపట్నాలలో పెద్దమొత్తాలుగా పరదేశీయులకు అమ్మడం అతడు వర్ణించినాడు. కలంతో వ్రాసే అద్దకపు బట్టలను గురించి చెప్పేటప్పుడు అతని వాక్యంలో కొనుగోలుదారు జాగ్రత్త సడలి మెచ్చుకోలు వినబడుతుంది. ఎన్నిసార్లు ఉతికినా బట్ట ఉన్నంతకాలమూ ఆ రంగు వెలియదని అతడు వ్రాసినాడు. ఎరుపునిచ్చే చిరివేరు పెదపల్లి ప్రాంతంలో శ్రేష్ఠమైనది దొరుకుతుందని కూడా గుర్తించినాడు.

ఆ మెచ్చుకోలుకు గల కారణం ఇంగ్లండులో నాడు జరుగుతున్న ఒక వైఫల్యాన్ని తలచుకొంటే తెలుస్తుంది. ఇంగ్లండు నేసిన ఉన్నిబట్ట చాలావరకు రంగు లేకుండా డచ్చిదేశానికి పోయి, అక్కడ రంగు వేయించుకొని, లాభమంతా డచ్చివారికి మిగిల్చేది. దీనిని మాన్పించడానికి విలియం కొకేను అనే లండను వర్తకుడు 1614లో రాజు అనుమతితో ఒక పథకం చేపట్టినాడు. రంగు వేయని బట్ట ఎగుమతిని నిలిపివేసి, స్వదేశంలోనే రంగు వేయించవలెనన్నది అతని ప్రయత్నం. డచ్చివారు ఆ రంగుబట్టను కొనలేదు. పథకం మూడేండ్లలో, 1617లో కూలిపోయినది. నేతపల్లెలలో పనిలేక పస్తులు మొదలైనవి. అదే కాలంలో మెత్‌వోల్డు బందరులో చూస్తున్నది రంగు విద్యలో తలపండిన జనాన్ని. కరక్కాయ కషాయంలోను, గేదెపాలలోను బట్టను నానవేయడం, ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసి నల్లని కసిమి తీయడం, ఎరుపు నిలువవలసినచోట పటిక నీటితో గీయడం, చిరివేరుతో ఉడికించడం, ఎండలో ఆరబెట్టి నీరు చల్లుతూ తెల్లదనం తేవడం, ఇదంతా వ్రాతలో లేని శాస్త్రం. పటిక తగిలినచోటనే ఎరుపు పట్టుకొంటుందన్న రహస్యాన్ని ఐరోపావారు పద్దెనిమిదవ శతాబ్దిలో గాని పూర్తిగా పుస్తకాల కెక్కించుకోలేదు. పుదుచ్చేరిలోని ఫ్రెంచి పాదిరి కూర్దూ 1742లో వ్రాసిన లేఖ అందులో ప్రసిద్ధమైనది.

కొనదలచిన సరకు ఇక్కడ ఉన్నది, అమ్మదలచిన సరకు ఇక్కడ పోదు. మరి ధర చెల్లించడమెట్లా? వెండితో. ఇంగ్లండులో వాణిజ్య రచనలు ముమ్మరం కావడానికి ఈ వెండియే కారణం. 1620 ప్రాంతంలో ఉన్నిబట్ట గిరాకి పడిపోయి, దేశంలో నాణెం కరువై, అందరూ కారణం వెదుకుతున్నారు. జెరార్డు మాలైన్సు మారకపు వ్యాపారుల మోసం కారణమన్నాడు. ఎడ్వర్డు మిసెల్డెన్ 1622లో వెలువరించిన తన మొదటి పుస్తకంలో తూర్పుదేశాలకు పోయే వెండిని తప్పుపట్టి, కంపెనీ కొలువు సంపాదించిన తరువాత 1623లో వ్రాసిన రెండవ పుస్తకంలో ఆ మాటను వెనుకకు తీసుకొన్నాడు. జీతం అందిన చేతిలో కలం ఎటు తిరుగుతుందో చెప్పే ఈ ఉదాహరణను ఆ రచనలు చదివే ప్రతివారూ గుర్తుంచుకోదగినది.

కంపెనీ పక్షాన గట్టిగా వాదించినవాడు తామసు మన్. 1571లో పుట్టి 1641లో గతించిన ఇతడు 1615 నుంచి కంపెనీ డైరెక్టరులలో ఒకడు. 1621లో ప్రకటించిన తన ప్రసంగంలో అతడు అంకెలను సాక్ష్యానికి పిలిచినాడు. 1601 మొదలు 1620 దాకా కంపెనీ తూర్పుకు 79 ఓడలను పంపినది. వాటిలో వెళ్లిన వెండి 5,48,090 పౌనులు. ఉన్నిబట్ట, సీసం, తగరం మొదలైన సరకులు 2,92,286 పౌనులు. పోయిన వెండి సరకుగా మారి, ఆ సరకు ఐరోపాలోని ఇతర దేశాలకు తిరిగి అమ్ముడై, పోయినదానికంటె ఎక్కువ వెండిని తెస్తున్నదని అతని వాదం. అతని మరణానంతరం 1664లో కుమారుడు ప్రకటించిన రెండవ గ్రంథంలో ఇదే విషయానికి ఒక ఉపమానం ఉన్నది. విత్తనాల వేళ మంచి ధాన్యాన్ని మట్టిలో చల్లే రైతును మాత్రమే చూచినవాడు అతనిని పిచ్చివాడనుకొంటాడు. కోతలవేళ చూచినవానికి గాని ఆ పని అర్థం కాదు. పల్లెటూరి అనుభవం నుంచి ఎత్తిన ఈ పోలిక అంకెల పట్టికకంటె ఎక్కువ పని చేసినది. అలంకారాన్ని లెక్కలపద్దులో ఇమిడ్చిన వచనం అది. ఇంగ్లీషు వచనం సూటిదనం అలవరచుకోవడంలో ఈ వర్తకుల పాలు చిన్నది కాదు.

మన్ గ్రంథం అచ్చయ్యేనాటికి పరిస్థితి మారినది. బందరు బట్ట దీవులకు పోవడంతో ఆగక లండనుకే చేరుతున్నది. తేలికైనది, ఉతుకవచ్చును, రంగు వెలియదు, ఉన్నికంటె, పట్టుకంటె చౌక. మొదట పడకమీది దుప్పట్లు, తెరలు. తరువాత స్త్రీల గౌనులు, పిల్లల చొక్కాలు. 1684లో ఇంగ్లీషు కంపెనీ తూర్పుదేశాల నుంచి దిగుమతి చేసిన నూలుబట్టల సంఖ్య పది లక్షల తానులను దాటినది. వాటిలో గుజరాతువీ, వంగదేశపువీ ఉన్నవి. కోరమండలపు వాటా వాటితో సరితూగేది. నరసాపురం చెంతనున్న మాధవాయపాలెం పేరు ఇంగ్లీషు నోట మడపొల్లమై, తరువాత ఇంగ్లీషు ఫ్రెంచి భాషలలో ఒక తెల్లని మెత్తని నూలుబట్టకు జాతినామమైపోయినది. పడుగు పోగులను లెక్కించే మన సాలెల కొలత పుంజం. నూట ఇరవై పోగులు ఒక పుంజం. ఆ మాట కంపెనీ జాబితాలలో బట్ట పేరుగా నిలిచినది. ఊరిపేరు, కొలతపేరు సముద్రం దాటినవి. నేసినవాని పేరు దాటలేదు.

ఉన్నిపక్షం ఊరకుండలేదు. ఉన్ని వాడకాన్ని పెంచడానికి వారు సాధించిన చట్టాలలో విచిత్రమైనది శవాలకు సంబంధించినది. 1666లోను, 1678లోను, 1680లోను చేసిన శాసనాల ప్రకారం మహమ్మారితో పోయినవారిని మినహాయించి ఇంగ్లండులో ఏ శవాన్నీ ఉన్ని తప్ప మరి ఏ వస్త్రంతోనూ పూడ్చరాదు. పూడ్చినవారు ప్రమాణపత్రం ఇవ్వవలె; తప్పితే ఐదు పౌనుల దండుగ. చట్టం పుస్తకంలో 1814 దాకా ఉన్నది. బ్రదికినవారి ఒంటిమీదికి ఉన్నిని ఎక్కించలేక చచ్చినవారిని ఆశ్రయించిన చట్టమది.

1690 దాటిన తరువాత కరపత్ర యుద్ధం తీవ్రమైనది. కంపెనీ అధినేత జోసయా చైల్డు 1681లోనే దేశప్రియుడనే మారుపేరుతో తూర్పు వర్తకం దేశానికి అత్యంత లాభకరమని వ్రాసినాడు. బ్రిస్టలు వర్తకుడు జాన్ కేరీ 1695లో ప్రకటించిన గ్రంథంలో ఆ వర్తకం స్వదేశపు చేతిపనులను తినివేస్తున్నదని ఎదురు చెప్పినాడు. నాటకకర్త విలియం డావెనంటు కుమారుడైన చార్లెసు డావెనంటు 1696లో కంపెనీకి అనుకూలంగా కలమెత్తినాడు. వర్తకం సహజంగా స్వేచ్ఛ గలదని, చట్టాలతో దానిని మలచబోతే చెడుతుందని అతని మాట. దానికి ప్రతిగా 1697లో జాన్ పొలెక్స్‌ఫెన్ ఇంగ్లండు పరిశ్రమకు, ఇండియా పరిశ్రమకు పొత్తు కుదరదని శీర్షికలోనే తీర్పు చెప్పి ఒక పుస్తకం వ్రాసినాడు. 1701లో పేరు లేకుండా వెలువడిన మరొక పుస్తకాన్ని హెన్రీ మార్టిన్ రచనగా పండితులు భావిస్తున్నారు. వీటన్నింటిలోను పదునైనది అదే. తక్కువ శ్రమతో దొరికే బట్టను వదలి ఎక్కువ శ్రమతో చేసుకోవడం, నదిలో పడవ ఉండగా సరకును నెత్తిన మోయడంవంటిదని ఆ రచన సారాంశం. అందులో శ్రమవిభజనను గురించి చేసిన చర్చ ఆడం స్మిత్తుకు డెబ్బదియైదేండ్లు ముందటిది.

వాదం కాగితం మీద ఆగలేదు. 1697లో లండను నేతగాండ్రు గుంపులుగా పార్లమెంటు ముంగిటికి వచ్చినారు. కంపెనీ భవనం మీద దాడి చేసినారు. 1700లో పార్లమెంటు తూర్పుదేశాల పట్టుబట్టలను, రంగు వేసిన, అద్దిన, ముద్రించిన నూలుబట్టలను ఇంగ్లండులో వాడరాదని చట్టం చేసినది. అది 1701 సెప్టెంబరు 29 నుంచి అమలైనది. తెల్లబట్టను మాత్రం ఆపలేదు. తెల్లబట్టను దిగుమతి చేసుకొని లండనులోనే అద్దించడం మొదలైనది. అప్పుడు ఉన్నివారి కోపం రెట్టించినది. 1719 వేసవిలో స్పిటల్‌ఫీల్డ్సు నేతగాండ్రు వీధులలో నూలు గౌను కట్టిన స్త్రీ కనబడితే సిరా చల్లినారు, ఆమ్లం చల్లినారు, బట్టలు చింపినారు. 1721లో చేసిన రెండవ చట్టం అద్దకపు నూలుబట్టను ధరించడాన్నే నిషేధించినది. 1722 డిసెంబరు 25 నుంచి ధరించినవారికి ఐదు పౌనులు, అమ్మినవారికి ఇరువది పౌనులు దండుగ.

ఈ ఘట్టంలో ఉన్నిపక్షానికి కలం అరువిచ్చిన ప్రముఖుడు డేనియల్ డీఫో. నూలుబట్ట మెల్లమెల్లగా ఇండ్లలోకి చొరబడి, పడకగదిలో తెరలుగా, దిండ్లుగా, కుర్చీల తొడుగులుగా, చివరకు రాణివాసపు దుస్తులుగా మారిన వైనాన్ని అతడు 1708లోనే తన పత్రికలో వర్ణించినాడు. 1719లో నేతగాండ్ర పక్షాన ఒక పత్రికనే నడిపినాడు. రాబిన్‌సన్ క్రూసో వెలువడినది కూడ ఆ 1719లోనే. ఒంటరి దీవిలో మేకతోలు కుట్టుకొని ఒళ్ళు కప్పుకొనే మనిషిని సృష్టించిన చేయి, అదే ఏడు లండను స్త్రీలు ఏ బట్ట కట్టరాదో వాదిస్తూ వ్రాసినది. పని లేక పస్తులుండే నేతగాని ఇంటిని డీఫో చూపించినప్పుడు ఆ జాలి అబద్ధం కాదు. ఆ కుటుంబాల ఆకలి నిజం. అయితే అటువంటి కుటుంబమే, అటువంటి మగ్గం ముందు, సముద్రానికి ఆవలి ఒడ్డున కూడ ఉన్నదన్న ఊహ ఆ పుటలలో కనబడదు.

ఆ రచనలలో తెలుగు సాలె ఎట్లా కనబడుతున్నాడు? ఉన్నిపక్షం దృష్టిలో అతడు దినానికి దమ్మిడీ కూలికి పనిచేసే దీనుడు. అతనితో పోటీపడడం అన్యాయం. కంపెనీపక్షం దృష్టిలో అతని చౌకదనమే ఇంగ్లండుకు లాభం. కొట్లాడుకొన్న రెండు పక్షాలకూ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం: అతడు చౌక. ఇంతకూ ఆ చౌకదనం ఎంతవరకు నిజం? 1998లో చరిత్రకారుడు ప్రసన్నన్ పార్థసారథి దీనిని మళ్ళీ విచారించినాడు. వెండి లెక్కన కాక కొనగలిగిన ధాన్యం లెక్కన చూస్తే పద్దెనిమిదవ శతాబ్దిలో దక్షిణదేశపు నేతగాని రాబడి ఇంగ్లండు నేతగాని రాబడికి తీసిపోదని అతని నిర్ణయం. దీనిని ఒప్పుకోని చరిత్రకారులు కూడ ఉన్నారు, చర్చ ముగియలేదు. కాని అతడు ఎత్తిచూపిన మరొక సంగతి గమనింపదగినది. బయానా పుచ్చుకొన్న నేతగాడు మనసు మారితే సొమ్ము తిరిగి ఇచ్చివేసి ఒప్పందం నుంచి తప్పుకోగలిగేవాడు. వర్తకుడు మాత్రం నేసిన బట్టను వద్దనడం అంత సులభం కాదు. కరపత్రాలలోని దీనునికి, ఈ బేరమాడే మనిషికి పోలిక తక్కువ.

మరి తెలుగులో సముద్రవర్తకాన్ని గురించి వ్రాతలే లేవా? ఉన్నవి, ఇంగ్లీషువారికంటె ముందే ఉన్నవి. 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో కాకతి గణపతిదేవుడు, తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు లాగుకొనేవారని చెప్పి, తాను నియమిత సుంకం తప్ప మరేమీ పుచ్చుకోనని పరదేశవర్తకులకు మాట ఇచ్చినాడు. 1358లో అనవోతారెడ్డి ఆ రేవుకు మళ్ళీ అభయమిచ్చినాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిస్తూ ఆ వర్తకుడు ఏయే ద్వీపం నుంచి ఏయే వస్తువు తెప్పించేవాడో అవతారికలో వర్ణించినాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ రేవులను పోషించి దూరద్వీపాల వర్తకులను ఆదరించుమన్నాడు. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో వస్త్రభేదాల పేర్లు వరుసకట్టి ఉన్నవి. అయ్యలరాజు నారాయణామాత్యుని హంసవింశతిలో వృత్తుల వివరాలు గుట్టలుగా పడి ఉన్నవి. ఇటువంటి ఆకరాల నుంచి జనజీవన చరిత్రను కూర్చవచ్చునని సురవరం ప్రతాపరెడ్డి 1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్రలో నిరూపించినాడు. 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ పురస్కారం దానికే లభించినది.

ఈ తెలుగు వ్రాతలకు, ఆ ఇంగ్లీషు వ్రాతలకు ఒక భేదం ఉన్నది. శాసనంలో మాట్లాడినది రాజు, అవతారికలో కీర్తి పొందినది సెట్టి, వర్ణనలో కనబడినది బట్ట. వర్తకవిధానం మంచిదా చెడ్డదా అని పదిమంది ముందు తగవులాడే వచనం తెలుగులో పుట్టలేదు. భాషకు శక్తి లేక కాదు. అటువంటి తగవు వినే సభ లేదు. అచ్చు యంత్రం లేదు. కరపత్రాన్ని పెన్నీకి కొని కాఫీ అంగడిలో చదివే పాఠకుడు లేడు. లండను నేతగాడు చదువురానివాడైనా అతని పక్షాన వ్రాయడానికి కూలిరచయిత దొరికినాడు. బందరు నేతగాని తగవు ఊరి పెద్దల ముందు, కులకట్టలో, కోమటి వాకిట నోటిమాటగా సాగి, నోటిమాటగానే ముగిసినది.

అతని మాట కాగితం మీదికి వచ్చినది చాలా ఆలస్యంగా. 1766 నాటి సంధితో ఉత్తర సర్కారులు కంపెనీ వశమైనవి. కొనుగోలుదారు తానే పాలకుడైనాడు. బయానా తిరిగి ఇచ్చి తప్పుకొనే పాత హక్కుకు సంకెళ్ళు పడినవి. మరొక వర్తకునికి బట్ట అమ్మితే నేరమైనది. పద్దెనిమిదవ శతాబ్ది చివరి దశకాలలో గోదావరి, విశాఖపట్నం ప్రాంతాల సాలెలు, దేవాంగులు మగ్గాలు ఆపి, కూడబలుక్కొని, కంపెనీ అధికారులకు అర్జీలు పెట్టుకొన్నారు. నూలు ధర పెరిగినదని, బట్టను తక్కువ రకంగా కట్టి ధర కోస్తున్నారని, బంట్రోతులను ఇండ్ల ముందు కాపలా పెడుతున్నారని వారి మొర. అవి కంపెనీ దస్తావేజులలో చాలావరకు ఇంగ్లీషు అనువాదాలుగానే నిలిచి ఉన్నవి. తెలుగు నేతగాడు తన పక్షాన తాను చేసిన వాదాన్ని ఈనాడు తెలుగువాడు పరభాషలో చదువుకోవలసి వస్తున్నది.

లండను చట్టాలు మన మగ్గాలను వెంటనే ముంచినవని అనుకోవడం పొరపాటు. నిషేధించిన బట్ట ఇంగ్లండు మీదుగా ఐరోపాకు, ఆఫ్రికాకు, అమెరికా వలసలకు ఎగుమతి అవుతూనే ఉన్నది. 1721 తరువాత కూడ నూరేండ్లకు చేరువగా ఇంజరం, మాధవాయపాలెం కొఠీల ద్వారా తెల్లబట్ట వెళ్ళినది. ఆ చట్టాల నిజమైన ఫలితం మరొకచోట కనబడినది. మన అద్దకానికి తలుపు మూసినందువల్ల ఇంగ్లండులో నూలు మీద అద్దే పరిశ్రమ నీడపట్టున పెరిగినది. ఉన్నిని కాపాడబోయి పార్లమెంటు తన ఇంట నూలుకు ఉయ్యాల కట్టినది. ఆ నూలు యంత్రాల పాలు త్రాగి పెరిగి, పందొమ్మిదవ శతాబ్దిలో మొదట ఉన్నిని రెండవస్థానానికి నెట్టి, తరువాత బందరు రేవులోనే వచ్చి దిగినది.

తెలుగు రచయితకు ఈ పాత ఇంగ్లీషు పుటలు రెండు విధాల ఉపయోగిస్తున్నవి. మెత్‌వోల్డువంటివారి రచనలలో మన కావ్యాలు చెప్పని దినచర్య, ధర, తూకం, దారి దొరుకుతున్నవి. వాటిని కాదనడం అవివేకం. ఒక పక్షం వ్రాసి రెండవ పక్షం వ్రాయనప్పుడు వ్రాసినవారి తగవే చరిత్రగా చెల్లిపోతున్నదన్న హెచ్చరిక కూడ వాటిలోనే దొరుకుతున్నది. ఆ లోటు తీర్చడానికి అర్జీలు, శాసనాలు, అవతారికలు, కులపురాణాలు, మగ్గం చుట్టూ పుట్టిన మాటలు ఉన్నవి. పెడనలో నేటికీ అద్దకపు బల్లల ముందు కరక్కాయ వాసన పోలేదు. పుంజం, పడుగు, పేక, అచ్చు, ఆసు, కండె అనే మాటలు నేతపేటలలో ఇంకా చెలామణిలో ఉన్నవి. ఇంగ్లీషు నిఘంటువులో మడపొల్లమున్నది, తెలుగు నిఘంటువులో సకలాతున్నది. ఆ రెండు మాటల నడుమ నాలుగు వందల ఏండ్ల వర్తకమున్నది. దానిని ఈ ఒడ్డు నుంచి చూచి వ్రాసిన పుస్తకాల సంఖ్య ఇంకా పెరుగవలసి ఉన్నది.